హసర్మావెతు తండ్రి ఎవరు?

గోంగూర కట్ట విప్పి, ఒక్కొక్క ఆకే తుంచుతూ, నిరుపమ ఒక చరిత్రాత్మక ప్రకటన చేసింది.

"మధూ! ఈ ఆక్లాండ్ మహానగరంలో నా కళ్లు కప్పి తప్పించుకోగల నేరస్థుడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి వీసా రాలేదు."

బల్లకి అవతల టీ తాగుతున్న మధుబాబు కప్పు దించకుండానే, "కాడలు గిన్నెలో వేసి ఆకులు చెత్తబుట్టలో వేస్తున్నావు," అన్నాడు.

నిరుపమ చూసుకుంది. నిజమే. మహామేధావుల చేతులు మెదడుతో సంబంధం లేకుండా పనిచేస్తాయని మనసుకు సర్దిచెప్పుకుని, శాండ్రింగ్‌హామ్‌ ఇండియన్ షాపుల దాకా వెళ్లి తెచ్చుకున్న గోంగూరను చెత్తబుట్టలోంచి ఏరుకోవడం మొదలుపెట్టింది.

నిరుపమ ఒక ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగి. కారు వెనక్కి తీస్తుంటే చెట్టు అడ్డం వచ్చిందని రాసేవాళ్ల అబద్ధాలు పట్టుకోవడం ఆమె పని. చెట్టు నిజంగానే అడ్డం వచ్చి ఉంటుందేమో పాపం అని నమ్మేసే గుణం కూడా ఆమెకే ఉండటంతో ఆఫీసులో రావలసినంత పేరు రాలేదు. ఆ లోటు బయట తీర్చుకుంటూ ఉంటుంది. తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ భోజనాల్లో మాయమైన కుక్కరు మూత కేసును చేపట్టింది ఆమే. మూడు కుటుంబాలను అనుమానించి, ఇద్దరితో మాటలు మానేసి, చివరికి ఆ మూతను తన కారు డిక్కీలోనే పట్టుకుంది. గాలికి కొట్టుకుపోయిన రీసైక్లింగ్ డబ్బా కేసులో పక్కింటి కివీ ముసలాయన డబ్బాను పట్టపగలు ఈడ్చుకొచ్చి, ఆయనే వచ్చి ఆమె డబ్బాను ఆమెకు అప్పగించాక కూడా, "కేసు ముగిసింది" అని చాలా హుందాగా ప్రకటించింది. ఇవన్నీ నిరుపమకు గుర్తే. ఎవరూ అడగకుండా తనే చెప్పుకుని నవ్వుతుంది కూడా. కానీ కొత్త కేసు ఫోను మోగగానే ఆ నవ్వంతా ఎటు పోతుందో తెలియదు.

ఆ శనివారం పొద్దున మోగిన ఫోను సత్యనారాయణ బాబాయిది.

ఆయన ఆమెకు సొంత పిన్ని భర్త, ఫెలోషిప్‌లో సంఘపెద్ద. బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకోమని ఎందరు చెప్పినా, "మా నాన్న పెట్టిన పేరు. దేవుడికి అభ్యంతరమైతే ఆయనే చెబుతాడు" అని అలాగే ఉంచుకున్న మనిషి. మాట ఇస్తే తప్పరు, కోపం వస్తే తగ్గరు. తగ్గించగల పిన్ని ఒక పెళ్లికని రాజమండ్రి వెళ్లి కూర్చుంది.

"నిరుపమా, నీకు అన్నీ తెలుసు కదమ్మా. క్విజ్ పేపరు లీకైంది," అన్నారు బాబాయి. "ఈ సాయంత్రంలోగా ఎలా లీకైందో తేల్చు. తేలినా తేలకపోయినా రాత్రికి ఫెలోషిప్ గ్రూపులో మెసేజ్ పెట్టేస్తాను. శరణ్య ఇక సండే స్కూలు చెప్పదు."

"బాబాయ్! శరణ్య మీ కూతురు."

"అందుకే ముందు నేనే పెట్టాలి. ఇంకొకళ్లు పెడితే నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?"

ఫోను పెట్టేసి, గోంగూర చేతులు చీరచెంగుకు తుడుచుకోబోయి, తాను ట్రాక్‌ప్యాంటులో ఉన్నానని గుర్తొచ్చి, నిరుపమ లేచి నిలబడింది. "మధూ, ముందు నీ వాంగ్మూలం కావాలి."

"నాదెందుకు?"

"నేరం జరిగినప్పుడు నేరస్థుడి పక్క కుర్చీలో కూర్చున్నది నువ్వే."

జరిగింది ఇదీ. పోయిన ఆదివారం, న్యూ లిన్‌లో ఫెలోషిప్ వాళ్లు అద్దెకు తీసుకునే స్కూలు హాల్లో ఏటా జరిగే బైబిల్ క్విజ్ జరిగింది. పెద్దల జట్టు, కుర్రాళ్ల జట్టు, అల్లుళ్ల జట్టు. పెద్దల జట్టుకు నాయకుడు బాబాయి. ఏటా గెలిచేది వాళ్లే. అల్లుళ్ల జట్టు ఉండేది అందరూ కాసేపు నవ్వుకోవడానికి. అందులో ఒకడు మధుబాబు. రెండోవాడు లోకేశ్, అంటే శరణ్య భర్త. పుట్టుకతో హిందువు. పెళ్లయ్యాక చర్చికి వస్తాడు కానీ, వాక్యం అయిపోయి బిర్యానీ మూత తీసే వేళకు వస్తాడు.

ప్రశ్నలు తయారుచేసింది శరణ్య. ఆఖరి రౌండ్‌లో అంతా వంశావళులే పెట్టింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు ఇంకొకణ్ణి కనెను అని పేజీల కొద్దీ సాగే పేర్లు. వాటిని ఎంత భక్తులైనా సినిమాలో టైటిల్సు దాటేసినట్టు దాటేస్తారు. ఆ రౌండ్‌లో ఎవరికీ ఒక్క మార్కూ రాదనే అందరూ అనుకున్నారు.

"షిల్దాషు తండ్రి ఎవరు?" అని అడిగింది శరణ్య.

బాబాయి కళ్లు మూసుకుని ఆలోచిస్తూ ఉండగా, "నాహోరు" అన్నాడు లోకేశ్.

"హజ్జెలెల్పోని అన్నదమ్ములు?"

"యెజ్రెయేలు, ఇష్మా, ఇద్బాషు."

ఎవరి చేతిలోనో సమోసా ఆగిపోయింది.

"హసర్మావెతు తండ్రి ఎవరు?"

"యొక్తాను," అన్నాడు లోకేశ్. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "ఇంకా పన్నెండుమంది తోబుట్టువులున్నారండీ. చెప్పమంటారా?" అన్నాడు.

అల్లుళ్ల జట్టు గెలిచింది. చప్పట్లు మాత్రం ఒక్కరివే వినిపించాయి, మధుబాబువి.

"నాకు తెలిసింది చెబుతున్నా నిరూ," అన్నాడు మధుబాబు ఇప్పుడు. "నాకు ఆదాము భార్య ఎవరని అడిగితేనే కాసేపు పట్టింది. లోకేశ్ మాత్రం మా ఆఫీసులో రిసెప్షనిస్టు ఎక్స్‌టెన్షన్ నంబర్లు చెప్పినట్టు చెప్పేశాడు."

"నీ పెదవులు కదులుతూ ఉన్నాయి. నేను చూశాను."

"వక్కపొడి నములుతున్నా."

"అందరూ అలాగే అంటారు," అంది నిరుపమ, కళ్లు సన్నగా చేసి.

*

శరణ్య ఉండే హాబ్సన్‌విల్‌లో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నిరుపమ చాలా చాకచక్యంగా, చప్పుడు లేకుండా ఒక ఇంటి పెరటి గేటు తీసుకుని లోపలికి వెళ్లి, అక్కడ ఉయ్యాల ఊగుతున్న ఎవరో పిల్లలకు "సారీ" చెప్పి బయటికొచ్చి, పక్కింటి తలుపు కొట్టింది. శరణ్య తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నాన్న నీకు ఫోన్ చేశారా అక్కా?"

"ఎలా తెలుసు?"

"నువ్వు నల్లకళ్లద్దాలు పెట్టుకొచ్చావుగా." శరణ్య పక్కకు జరిగి దారిచ్చింది. "నన్ను ఒక్క మాట అడగలేదక్కా. నాకు ఫోన్ చేసి, అమ్మా ఇచ్చావా అని అడిగితే, లేదు నాన్నా అని చెప్పేదాన్ని. అయిపోయేది. ఆయన నీకు చేశారు."

డిటెక్టివులకు ఇలాంటి చోట మాట తోచదు. అందుకని నిరుపమ ఫ్రిజ్ తలుపు తీసి లోపల ఆధారాలు వెతికింది.

"ఆ పేర్లే ఎందుకు పెట్టావు అసలు?" అంది, ఫ్రిజ్‌లోంచే.

"అందరూ దాటేస్తారని పెట్టాను. సండే స్కూల్లో పిల్లలు అడుగుతారు, వీళ్లు ఏం చేశారు మిస్ అని. ఏం చేయలేదు. పుట్టారు, పిల్లల్ని కన్నారు, పోయారు. అయినా ఎవరో శ్రద్ధగా రాసిపెట్టారు కదా. ఏమీ చేయనివాళ్లకు కూడా లెక్క ఉంటుందని పిల్లలకు చెబుతాను. వాళ్లకది నచ్చుతుంది. రేపటినుంచి ఇంకెవరు చెబుతారో."

"పేపరు ఎక్కడ ఉంది?"

"నా లాప్‌టాప్‌లో. పాస్‌వర్డ్ లోకేశ్‌కు తెలీదు. తెలీదనే అనుకుంటున్నా. ఎలా వచ్చాయి నీకు అంటే, ఏదో గుర్తొచ్చాయి అంటాడు. చెవులు ఎర్రగా చేసుకుంటాడు. ఆదివారం నుంచి మేం మాట్లాడుకోవట్లేదు."

శరణ్య లోకేశ్‌ల మధ్య అసలు సంగతి నిరుపమకు తెలుసు. వాళ్ల పాప సిరి పుట్టినప్పుడు బాబాయి చర్చిలో ప్రతిష్ఠ ప్రార్థన అన్నారు. లోకేశ్ తల్లిదండ్రులు నామకరణం, హోమం అన్నారు. రెండు దేశాల మధ్య వాట్సాప్‌లో యుద్ధం నడిచింది. చివరికి లోకేశే తీర్పు చెప్పాడు: పాపకు ఊహ వచ్చేదాకా ఇటు బైబిలూ వద్దు, అటు పూజా వద్దు, పెద్దయ్యాక తనే చూసుకుంటుంది. బాబాయి ఆ మాటకు ఒప్పుకున్నారు కానీ ఆనాటినుంచి అల్లుణ్ణి "లోకేశ్" అని పిలవడం మానేశారు. "అల్లుడుగారు" అంటారు. ఆ "గారు"లో ఎంత దూరముందో ఆక్లాండ్‌కూ రాజమండ్రికీ మధ్య కూడా అంత లేదు.

"లోకేశ్ ఎక్కడ?"

"పాపను నడకకు తీసుకెళ్లాడు. సముద్రం వైపు."

నిందితుడి వెంట పడే అవకాశం. నిరుపమ మెడలో మఫ్లరు చుట్టుకుని, టోపీ లాగి, వేగంగా బయలుదేరింది. ఇక్కడ డిసెంబరంటే వేసవి, ఎండ నడినెత్తిన మండుతోంది. ఆ నీటిగట్టు దారిలో నిక్కర్లు తప్ప వేరే బట్టలతో ఉన్న మనిషి ఆమె ఒక్కతే. దూరంగా లోకేశ్ పాపబండి తోస్తూ వెళుతున్నాడు. ఒంగి, లోపలికి చూస్తూ, ఏదో లయగా గొణుగుతున్నాడు. నిరుపమ ఒక చెట్టు చాటునుంచి ఇంకో చెట్టు చాటుకు ఉరికింది. రెండో చెట్టు కింద కూర్చుని శాండ్‌విచ్ తింటున్న ఆవిడ, "ఆర్ యూ ఆల్‌రైట్, డియర్?" అని అడిగింది.

ఆ మాటకు లోకేశ్ వెనక్కి తిరిగాడు. "వదినా! ఏంటి ఆ మఫ్లరు? జ్వరమా?"

"కొంచెం... చలి." నిరుపమ చెమట తుడుచుకుంది. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"పాపతో."

"ఏం మాట్లాడుతున్నావు?"

లోకేశ్ చెవులు ఎర్రబడ్డాయి. "ఏదో లెండి. నోటికొచ్చింది."

పాపబండిలో సిరి కళ్లు విప్పార్చి నిరుపమ టోపీ చూసి ఒక్కసారిగా గుక్కపెట్టింది. లోకేశ్ కంగారుగా బండి ఊపుతూ అటూ ఇటూ చూశాడు. నిరుపమ అక్కడే ఉండటం చూసి, ఏదో అనబోయి పెదవులు బిగించాడు. పాప ఏడుపు ఆపలేదు. లోకేశ్ నోరు తెరవలేదు. చివరికి బండితో ఇంటివైపు దాదాపు పరుగు తీశాడు.

ఆ దృశ్యాన్ని నిరుపమ తన పదునైన మేధస్సుతో విశ్లేషించింది. గొణిగేవాడు, గొణుగుడు దాచేవాడు, చెవి ఎర్రబడేవాడు. చెవి! చెవిలో ఏదో ఉంది! ఎవరో దూరంనుంచి చెబుతుంటే ఇతను వింటూ తిరిగి చెబుతున్నాడు! తన తెలివికి తనకే ఒళ్లు జలదరించింది. మఫ్లరు వల్ల వచ్చిన వేడేమో అని ఒక్క క్షణం అనుమానం కలిగింది కానీ, దాన్ని పక్కకు నెట్టేసింది.

*

సాయంత్రం ఏడు దాటినా ఇంకా ఎండ. శరణ్య ఇంటి హాల్లో కర్టెన్లు వేసినా వెలుతురు ఆగట్లేదు. సోఫా అంచున బాబాయి నిటారుగా కూర్చున్నారు. చేతిలో ఫోను, ఫోనులో టైపు చేసి ఉంచిన మెసేజ్. పంపడానికి ఒక్క వేలు ఆనిస్తే చాలు. ఎదురుగా శరణ్య. ఇద్దరూ ఒకరినొకరు చూడట్లేదు. మధ్యలో మధుబాబు ఎందుకొచ్చానా అన్నట్టు బిస్కెట్ల పళ్లెం పట్టుకుని ఉన్నాడు.

పాప మళ్లీ ఏడుపు అందుకుంది. "పడుకోబెట్టి వస్తాను," అన్నాడు లోకేశ్. ఎత్తుకుని మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు. పైన గది తలుపు పడిన చప్పుడైంది.

"అల్లుడుగారు తప్పించుకున్నారు," అన్నారు బాబాయి.

"పారిపోయేదెక్కడికి బాబాయ్? కిందికి దిగడానికి మెట్లు ఒకటే," అంది నిరుపమ. గదిలో అటూ ఇటూ నడిచింది. గోడ దగ్గర ఆగి గిర్రున తిరిగింది. కార్పెట్ మీద జారి, సోఫా పట్టుకుని, అలా నిలబడాలనే నిలబడినట్టు నిలబడింది. "పేపరు లీకు కాలేదు."

శరణ్య తలెత్తింది.

"పేపరుతో పనేముంది, జవాబులు గాలిలో వస్తుంటే? బాబాయ్, ఇది ఒక్కడు చేసిన నేరం కాదు. ఒక ముఠా. లోకేశ్ చెవిలో కంటికి కనబడని యంత్రం. హాల్లో ఒక మూల కూర్చుని జవాబులు చదివినవాడు ఇంకొకడు. పెదవులు కదిలినవాడు. వక్కపొడి అని బుకాయించినవాడు." నిరుపమ చెయ్యి చాచి వేలెత్తింది. "నా భర్త!"

మధుబాబు బిస్కెట్ కొరికాడు. "నిరూ, నేను లోకేశ్ పక్కనే కూర్చున్నా. పక్కనున్నవాడికి చెప్పడానికి యంత్రం ఎందుకే?"

నిరుపమకు తెలుసు, ఇలాంటి చోట ఆగిపోతే కేసులు తేలవు. ఆమె చూపు వంటగట్టు మీద, రొట్టెల డబ్బా వెనక, ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటున్న ఒక తెల్ల డబ్బా మీద పడింది. అరచేతిలో ఇమిడేంత ఉంది. పైన చిన్న కొమ్ము. పక్కన తిప్పే చక్రం, ముందు ఒక పెద్ద బటన్. నిరుపమకు పిల్లలు లేరు. అది ఏమిటో ఆమెకు తెలియదు. తెలియని వస్తువును సాక్ష్యం అనడం ఆమెకు అలవాటు.

"ఆహా!" అని దాన్ని అందుకుని పైకెత్తింది. "దొరికింది!"

"అక్కా, అది—" అంది శరణ్య.

"మాట్లాడకు! మాట్లాడితే కేసు బలహీనపడుతుంది. ఇదిగో బాబాయ్, ఆ యంత్రానికి జోడీ. ఇందులోంచే జవాబులు వస్తాయి. చూడండి, ఇలా తిప్పితే..."

"అక్కా అది పాప మానిటరు, పైన పాప ఏడిస్తే కింద వినిపించేది! నేనే సౌండు తగ్గించి పెట్టాను, రోజూ తగ్గించమంటాడు తను—"

నిరుపమ చక్రం తిప్పేసింది.

డబ్బాలోంచి ముందు పాప వెక్కిళ్లు. తర్వాత లోకేశ్ గొంతు, మెల్లగా, అలసటగా, హాలంతా నిండింది.

"ఏడవకు బంగారం. మొదలుపెడుతున్నాగా. నీ పేరు సిరి. సిరి నాన్న లోకేశ్. లోకేశ్ నాన్న శంకరరావు. శంకరరావు నాన్న వెంకటస్వామి. వెంకటస్వామి నాన్న... తెలీదమ్మా. మావైపు స్టాకు అంతే. మూడు పేర్లకే మా వంశం అయిపోయింది, నీకు ఆవులింత కూడా రాలేదు."

మధుబాబు నోట్లో బిస్కెట్ అలాగే ఉండిపోయింది.

"మీ నానమ్మ పంపిన జోలపాట పెడితే ఏడ్చావు. రైస్ కుక్కర్ మాన్యువల్ చదివితే ఏడ్చావు. ఆ రోజు మీ తాతయ్య మా పెళ్లికిచ్చిన పుస్తకం చేతికొచ్చింది. ఎక్కడో తీశాను, అన్నీ పేర్లే. చదివేసరికి పడుకున్నావు. ఏం చేయను? పుస్తకం వద్దన్నది నేనే, రోజూ చదివేది నేనే. మీ అమ్మకు చెప్పకు. మీ తాతయ్యకు అసలే చెప్పకు. ఆయన గెలిచానని ఊరంతా చాటింపు వేస్తారు."

నిరుపమ కేసు కళ్లముందే కుప్పకూలింది. నెత్తిన ఎత్తిపట్టుకున్న చెయ్యి దించాలో వద్దో తెలియలేదు. దించకుండా అలాగే నిలబడింది. చెయ్యి లాగుతోంది. బాబాయి వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. శరణ్య రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇందులో ప్రార్థన లేదమ్మా, కథ లేదు. అందుకే పర్లేదనుకున్నా. వీళ్లెవరో నాకు తెలీదు. యుద్ధాలు చేయలేదు, రాజ్యాలేలలేదు. మా వెంకటస్వామి తాతలాంటివాళ్లే. కాకపోతే వీళ్ల పేర్లు ఎవరో రాసిపెట్టారు, మా తాత నాన్న పేరు ఎవరూ రాయలేదు. సరే, పట్టుకో. యొక్తాను కన్నవాళ్లు. అల్మోదాదు... షెలపు... హసర్మావెతు... యెరహు..."

పాప వెక్కిళ్లు తగ్గుతున్నాయి. ఒక్కో పేరుకూ ఒక్కో జోకొట్టిన చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"హదోరము..."

ఆగిపోయింది.

"హదోరము... తర్వాత... ఛ. పుస్తకం కిందే ఉండిపోయింది. హదోరము..."

పాప మళ్లీ గునిసింది. నిరుపమ చెయ్యి నొప్పి ఓర్చుకోలేక డబ్బాను దించి, జారకుండా గట్టిగా నొక్కి పట్టుకుంది. బొటనవేలు పెద్ద బటన్ మీద పడిన సంగతి ఆమెకు తెలియదు.

సరిగ్గా అప్పుడే సత్యనారాయణ బాబాయి, ఎవరితోనూ కాదు, తనలో తనే అన్నట్టు, "ఊజాలు" అన్నారు.

నొక్కిన బటన్ ఆ మాటను పైకి పంపింది. పాప ఉయ్యాల పక్కన గోడకున్న డబ్బాలోంచి, ఆయన గొంతుతోనే, పలికింది.

నిరుపమ భయపడి వేలు తీసేసింది. పైనున్నవాడి గొంతు కిందినుంచి వస్తుందని లోకేశ్ ఎన్నడూ అనుకుని ఉండడు. చాలాసేపటికి, చదువు రాని పిల్లవాడు బడిలో అప్పజెప్పినట్టు, వచ్చింది అతని గొంతు.

"...ఊజాలు."

పాప గునుపు మొదలవబోతోంది.

"...దిక్లా," అన్నాడు లోకేశ్.

బాబాయి నిరుపమ వైపు చూశారు. చేత్తో, నొక్కు అన్నట్టు సైగ చేశారు. నిరుపమ నొక్కింది.

"ఓబాలు," అన్నారు బాబాయి, గొంతు తగ్గించి.

వేలు తీసింది.

"అబీమాయెలు."

నొక్కింది. "షేబ."

"ఓఫీరు."

"హవీలా."

తన అపరాధ పరిశోధక జీవితంలో నిరుపమ చేసిన పనికొచ్చే పని అదొక్కటే. నొక్కడం, తీయడం. ఎక్కడ తప్పు నొక్కుతానో అని ఆమెకు చెమటలు పట్టాయి. లాప్‌టాప్ సంగతి, ముఠా సంగతి, చెవిలో యంత్రం సంగతి అన్నీ మర్చిపోయి, మామకూ అల్లుడికీ మధ్య ఆ పేర్లు కిందపడకుండా అందిస్తూ నిలబడింది.

"యోబాబు," అన్నాడు లోకేశ్.

యొక్తాను కొడుకులు అక్కడితో అయిపోయారు. డబ్బాలో పాప ఊపిరి ఒక్కటే మిగిలింది. పొడుగ్గా, నెమ్మదిగా.

నిరుపమకు అలవాటు ప్రకారం "కేసు ముగిసింది" అని ప్రకటించాలనిపించి నోరు తెరిచింది. మధుబాబు పళ్లెంలోని బిస్కెట్ ఒకటి తీసి ఆమె నోట్లో పెట్టాడు. ఆమె నమల్లేదు. నమిలితే చప్పుడవుతుందని అలాగే పట్టుకుంది.

లోకేశ్ మెట్ల పైన కనిపించాడు. వేలు పెదవుల మీద పెట్టుకుని, మునివేళ్ల మీద, ఒక్కో మెట్టే దిగాడు. సగం మెట్లలో బాబాయిని చూసి ఆగిపోయాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. వేలు పెదవుల మీదే ఉండిపోయింది.

బాబాయి అతన్ని చూశారు. ఏదో అనబోయారు. పైగది వైపు చూసి ఊరుకున్నారు. ఫోను తెరిచి శరణ్య ముందు పెట్టారు. ఆమె చూస్తుండగా, ఎంపిక చేసి ఒక్కసారిగా తుడిచేయడం రానివాళ్లు చేసినట్టు, చూపుడువేలితో చివరినుంచి ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరుపుతూ పోయారు. చాలా పెద్ద మెసేజ్ అది. చాలాసేపు పట్టింది. చివర్లో "శరణ్య" అన్న పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. ఆ ఒక్క పేరునూ చెరపలేదు. ఫోను జేబులో పెట్టుకుని, ఆ చేతిని కూతురి తలమీద ఉంచారు. శరణ్య ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నిరుపమకు అర్థం కాలేదు. చిన్న చప్పుడు కూడా రాలేదు.

తర్వాత ఆయన లేచారు. గుమ్మం దగ్గర వంగి బూట్లు అందుకున్నారు. తొడుక్కుంటే మడమలు చప్పుడు చేస్తాయనుకున్నారేమో, రెండూ ఎడంచేత్తో పట్టుకున్నారు. కుడిచేత్తో తలుపు గొళ్లేన్ని వేళ్లతో అదిమి, క్లిక్కుమనకుండా తీసి, ఇంకా వెచ్చగా ఉన్న సిమెంటు దారిమీదికి వట్టి మేజోళ్లతో దిగి, మాట లేకుండా వెళ్లిపోయారు.